పిల్లలు చెప్పుకోగలిగే ఇల్లు
(బాన్సువాడలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

పిల్లలకు చదువు చెప్పడంలోనే జీవితం గడిపిన ఒక ఉపాధ్యాయుని పేరిట జరుగుతున్న సభ ఇది. కనుక పిల్లల గురించే మాట్లాడడం న్యాయం. సోషల్ మీడియా యాప్‌లలో పిల్లలను ఎలా కాపాడుకోవాలి అని అడిగితే మనకు మూడు జవాబులు వినిపిస్తాయి. ఫోన్ ఇవ్వకండి అనేది ఒకటి. ఇస్తే నిఘా పెట్టండి అనేది రెండోది. కంపెనీలూ చట్టాలూ చూసుకుంటాయి అనేది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ మన ప్రాంతపు ఇళ్ళలో ఈ మూడూ సగం దారిలోనే ఆగిపోతాయి. ఎందుకు ఆగిపోతాయో, ఆగిన చోట మనకు మిగిలే రక్షణ ఏమిటో చెప్పాలని నా ప్రయత్నం. నా వాదం క్లుప్తంగా ఇది: ఆపద వచ్చిన రోజు బిడ్డ భయపడకుండా ఇంట్లో చెప్పుకోగలిగితే మిగతా రక్షణలన్నీ పనికి వస్తాయి. చెప్పుకోలేకపోతే ఒక్కటీ పనికి రాదు.

ముందు, ఫోన్ మన ఇళ్ళలోకి ఏ దారిన వచ్చిందో చూడాలి. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలస దశాబ్దాలుగా సాగుతోంది. దుబాయికో, మస్కట్‌కో, రియాద్‌కో పోయిన తండ్రి ఏళ్ళ తరబడి పిల్లలకు ఫోన్ తెర మీదనే కనిపిస్తాడు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ నడవవు కాబట్టి బోటిమ్, ఐఎంఓ లాంటి పేర్లు కూడా ఇక్కడి ఇళ్ళలో కొత్త కాదు. ఆ యాప్ ఎక్కించేది, రీచార్జి ఎప్పుడైపోతుందో చూసేది, నాయినకు ఫోన్ కలిపి అమ్మ చేతికి ఇచ్చేది చాలాచోట్ల పిల్లలే. కరోనా కాలంలో బడి కూడా ఫోన్‌లోకే వచ్చింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. వర్క్‌షీట్లు వాట్సాప్‌లో వచ్చాయి. అప్పటిదాకా ఫోన్ వద్దన్న ఇళ్ళు కూడా అప్పుచేసి ఫోన్ కొన్నాయి. అంటే ఇక్కడ ఫోన్‌లోనే తండ్రి ఉన్నాడు, బడి ఉంది, తండ్రి పంపిన డబ్బు లెక్కా ఉంది. ‘ఫోన్ ఇవ్వకండి’ అన్న సలహా ఇల్లంతా ఒకచోట ఉండే కుటుంబాలకు సులువు. బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది తల్లులకు అది మొగుణ్ణి ఇంట్లోంచి తీసెయ్యమన్నట్టే ఉంటుంది.

ఇక వాడకం సంగతి. గ్రామీణ భారతంలో చదువుల స్థితిని ఇంటింటికీ తిరిగి పరిశీలించే అసర్ సర్వే 2024లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లలను స్మార్ట్‌ఫోన్ గురించి కూడా అడిగింది. వారిలో 82 శాతానికి పైగా తమకు ఫోన్ వాడడం వచ్చునన్నారు. సర్వేకు ముందు వారంలో చదువు పనికి వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. చదువు కోసం కొన్న ఫోన్ ఎటు పోయిందో ఈ రెండు అంకెలు చెబుతాయి. అయితే మన విషయానికి అంతకంటె ముఖ్యమైన అంకెలు ఆ తర్వాత ఉన్నాయి. సోషల్ మీడియా వాడే ఆ పిల్లల్లో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడం, దాని మీద రిపోర్ట్ పెట్టడం తెలిసినవారు 62 శాతం. తమ ప్రొఫైల్‌ను ఇతరులకు కనపడకుండా ప్రైవేట్‌గా మార్చుకోవడం తెలిసినవారు 55 శాతం. పాస్‌వర్డ్ మార్చడం తెలిసినవారు 58 శాతం లోపే. అంటే ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఇద్దరు తలుపు గడియ పెట్టుకోవడం రాకుండానే బజారులో కూర్చున్నారు. పిల్లలకు ఫోన్ సంగతులన్నీ మనకంటే బాగా తెలుసు అని పెద్దలు అనుకోవడం పూర్తిగా నిజం కాదు. వాళ్ళకు వాడడం తెలుసు, కాపాడుకోవడం తెలియదు.

కాపాడవలసిన మొదటి బాధ్యత కంపెనీలదే. అవి చేసేదేమిటో చూద్దాం. చాలా యాప్‌లు 13 ఏళ్ళు నిండినవారికే అని రాసుకుంటాయి. ఆ 13 పిల్లల మనసు పక్వమయ్యే వయసును లెక్కగట్టి పెట్టింది కాదు. 13 ఏళ్ళ లోపు పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించరాదని అమెరికా 1998లో చేసిన చట్టం నుంచి వచ్చిన అంకె అది. కాబట్టి ‘పదమూడు నిండాయి, ఇక పర్వాలేదు’ అనుకోవడానికి ఆధారం లేదు. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో కొన్ని దేశాల్లో, 2025 ఫిబ్రవరిలో మన దేశంలో ‘టీన్ అకౌంట్లు’ తెచ్చింది. 18 ఏళ్ళ లోపు వారి ఖాతా దానంతట అదే ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివారు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి. 16 లోపు వారు వీటిని సడలించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. మంచి ఏర్పాట్లే. అయితే కంపెనీకి తెలిసేది ఖాతా మాత్రమే, ఆ ఖాతా ముందు కూర్చున్నది ఎవరో తెలియదు. ఇంటికి ఒకటే ఫోన్, అది అమ్మ పేరు మీద, అమ్మ నంబరుతో, అమ్మ పుట్టిన తేదీతో నడుస్తుంటే, దాని మీద రీల్స్ చూసే ఏడో తరగతి పిల్లవాడు కంపెనీ లెక్కలో ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి. పిల్లల కోసం పెట్టిన రక్షణల్లో ఒక్కటీ వాడిని తాకదు. ప్రకటనలూ వీడియోలూ కొత్త పరిచయాలూ అన్నీ పెద్దల లెక్కనే వస్తాయి.

చట్టానికీ ఇదే చిక్కు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని రుజువుతో తీసుకోవాలంటుంది. పిల్లల అలవాట్లను వెంటాడి గమనించడాన్ని, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని వద్దంటుంది. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. చట్టం మంచిదే. కానీ తల్లి అనుమతి అడుగుతూ వచ్చే ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుంది? పిల్లవాడి చేతిలో ఉన్న ఫోన్‌కే. అనుమతి అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకడే అవుతాడు. నిజాంసాగర్ ఆయకట్టు రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1931లో కట్టడం పూర్తయిన ప్రాజెక్టులో నీళ్ళు నిండుగా ఉన్నా కాలువ చివరి పొలానికి అందుతాయన్న భరోసా లేదు. ఎగువన చేసిన చట్టమూ కంపెనీ ఆఫీసులో చేసిన సెట్టింగూ అంతే. అవి చివరి ఇంటిదాకా చేరాలంటే ఆ ఇంటివాళ్ళు చేయవలసిన పని కొంత ఉంది. అందులో మొదటిది, బిడ్డ ఏదైనా యాప్ వాడక తప్పదనుకుంటే బిడ్డ పేరుతో, బిడ్డ అసలు పుట్టిన తేదీతో ఖాతా తెరవడం. పదమూడు నిండనివారికి అసలే తెరవకపోవడం. అబద్ధపు వయసుతో తెరిచిన ఖాతా చట్టం ఇచ్చిన రక్షణను మన చేత్తో మనమే వదులుకోవడం.

ఇంత గొడవ దేనికి, నిషేధిస్తే పోదా అని అడగవచ్చు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళ లోపు వారికి ప్రధాన సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలు ఉండరాదని చట్టాన్ని అమలు చేసింది. జరిమానా పిల్లలకో తల్లిదండ్రులకో కాదు, కంపెనీలకు. భారం వేయవలసినవారి మీద వేసిన చట్టమని దాన్ని మెచ్చుకోవాలి. మన దగ్గర అలాంటి చట్టం వచ్చినా నేను వ్యతిరేకించను. అయితే నిషేధం ఎంతవరకు పనిచేస్తుందో మనకు ఒక సొంత అనుభవం ఉంది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. అది పిల్లల కోసం చేసిన నిషేధం కాదు, దేశ భద్రత కారణంగా చేసింది. కానీ ఫలితం మనకు పాఠమే. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. యాప్ పోయింది, అలవాటు ఇల్లు మారింది. ఇక ఒకటే ఫోన్ ఉన్న ఇంట్లో వయసు నిషేధం అమ్మ ఖాతా దగ్గర ఓడిపోతుంది. నిషేధం ఉన్న చోట దొంగతనంగా వాడే పిల్లవాడికి ఆపద వస్తే వాడు చెప్పుకోవడం ఇంకా కష్టం. ముందు యాప్ ఎందుకు వాడావన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా.

ఇక్కడే అసలు విషయానికి వస్తాం. ఆన్‌లైన్‌లో పిల్లలను వేధించే మోసం నడిచే తీరు ఇంచుమించు ప్రపంచమంతా ఒకటే. ఆటలోనో ఇన్‌స్టాలోనో ఎవరో తన ఈడువారిలా పరిచయమవుతారు. కొన్నాళ్ళు మంచిగా మాట్లాడి మాటలను మరో యాప్‌లోకి మారుస్తారు. ఒక ఫోటో అడుగుతారు. అది చేతికి చిక్కగానే మాట మారుతుంది: డబ్బు పంపు, లేకుంటే ఇంకో ఫోటో పంపు, లేదంటే మీ ఇంట్లోవాళ్ళకు, మీ క్లాసువాళ్ళకు పంపుతా. డబ్బు కోసం జరిగే ఈ బెదిరింపులకు ఎక్కువగా చిక్కుతున్నది 14 నుంచి 17 ఏళ్ళ మగపిల్లలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పదే పదే హెచ్చరించింది. ఇప్పుడు ఫోటో పంపనక్కర కూడా లేదు, డీపీలో ఉన్న ముఖాన్నే ఏఐతో మరో ఒంటికి అతికించగలరు. ఈ వ్యవహారంలో బెదిరించేవాడి బలం దేనిలో ఉందో ఆలోచించండి. వాడెక్కడో ఉంటాడు, ఇంటికి వచ్చి కొట్టలేడు. ‘మీ ఇంట్లో చెబుతా’ అన్న ఒక్క మాటే వాడి ఆయుధం. ఇంట్లో తెలిస్తే తన గతి ఏమవుతుందోనని బిడ్డ వణికినంత కాలమే అది పనిచేస్తుంది. అంటే ఆ ఆయుధానికి పదును పెడుతున్నది మన కోపం. ఆడపిల్ల విషయంలో ఈ భయం రెట్టింపు. ఫోన్‌లో ఏదో జరిగిందని తెలిస్తే పోయేది ఫోన్ ఒక్కటే కాదని ఆమెకు తెలుసు. చదువు మాన్పిస్తారు, సంబంధం చూస్తారు. తప్పు చేసినవాడికి కాక తనకే శిక్ష పడే ఇంట్లో ఆమె నోరు విప్పుతుందని ఎలా ఆశిస్తాం?

ఆపద ఎప్పుడూ మనిషి రూపంలోనే రాదు. బ్రిటన్‌లో 2017లో 14 ఏళ్ళ మాలీ రస్సెల్ ప్రాణం తీసుకుంది. మరణ విచారణలో తేలినదాని ప్రకారం, చివరి ఆరు నెలల్లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో సేవ్ చేసిన, లైక్ చేసిన, పంచుకున్న 16,300 పోస్టుల్లో 2,100 కుంగుబాటుకూ, తనను తాను గాయపరచుకోవడానికీ, ఆత్మహత్యకూ సంబంధించినవి. ఆన్‌లైన్‌లో చూసినవి ఆమె మరణానికి స్వల్పం కంటె ఎక్కువగానే తోడ్పడ్డాయని 2022 సెప్టెంబరులో విచారణాధికారి తేల్చారు. ఒకసారి బాధగా ఉన్న వీడియో దగ్గర ఆగితే అలాంటివే మరిన్ని వరుసగా చూపడం ఆ యాప్‌ల నిర్మాణంలోనే ఉంది. చదువుకున్న, ప్రేమగల కుటుంబంలో ఉన్న పిల్ల ఆమె. అటువంటి ఇంట్లోనే తెలియలేదంటే, ఫోన్ చదవడం రాని తల్లికి తెలియలేదని నిందించే హక్కు ఎవరికీ లేదు. బయటినుంచి కనిపెట్టలేని ఆపద ఇది. లోపలినుంచి బిడ్డే చెప్పాలి.

ఈ వాదానికి వచ్చే మొదటి అభ్యంతరం క్రమశిక్షణ గురించి. ఏం చేసినా ఏమీ అనకపోతే పిల్లలు చెడిపోరా? నేను అడుగుతున్నది నియమాలు వద్దని కాదు. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ అమ్మ దగ్గరే ఉండాలి, అన్నం తినేటప్పుడు వాడరాదు, ముఖం తెలియనివారితో మాటలు వద్దు. ఇవన్నీ గట్టిగానే పెట్టవచ్చు, తప్పితే శిక్షించవచ్చు. కానీ నియమం తప్పినందుకు వేసే శిక్ష వేరు, నోరు విప్పి చెప్పినందుకు పడే శిక్ష వేరు. మొదటిది క్రమశిక్షణ. రెండోది నేర్పేది ఒక్కటే: ఈసారి చెప్పవద్దు. నిఘా యాప్‌ల విషయమూ ఇంతే. చిన్నపిల్లలకు గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి పనికి వస్తాయి. పదిహేనేళ్ళవాడి ఫోన్‌లో వాడికి తెలియకుండా పెట్టిన నిఘా బయటపడ్డ నాడు వాడు రెండో ఖాతా తెరుస్తాడు, మనకు తెలిసేది అంతకుముందు తెలిసినదానికంటే తగ్గుతుంది. లండన్‌లో సోనియా లివింగ్‌స్టన్ బృందం ఎనిమిది యూరప్ దేశాల తల్లిదండ్రుల మీద చేసిన పరిశోధనలో, కట్టడి చేస్తే ప్రమాదాలు తగ్గుతాయి గానీ పిల్లలు నేర్చుకునే అవకాశాలు కూడా వాటితోపాటే తగ్గుతాయని తేలింది. పక్కన కూర్చుని నేర్పే పెంపకంలో రెండూ కొంత పెరుగుతాయి. నిజాయితీగా ఒప్పుకోవలసిన మాట ఇది. మాట్లాడుకుంటే ప్రమాదమే ఉండదని కాదు. ప్రమాదం వచ్చినప్పుడు బిడ్డ ఒంటరిగా ఉండదు.

రెండో అభ్యంతరం విద్వాంసులది. సోషల్ మీడియా పిల్లల మనసును పాడుచేస్తుందన్నదే ఇంకా రుజువు కాలేదు కదా అంటారు. జొనథన్ హైట్ 2024లో రాసిన పుస్తకం ఒక తరమంతా ఆందోళనలో పడడానికి స్మార్ట్‌ఫోన్ ఒక ప్రధాన కారణమని వాదించింది. మనస్తత్వ శాస్త్రవేత్త క్యాండిస్ ఆడ్జర్స్ ఆ రుజువులు చాలవని అభ్యంతరం చెప్పారు. పరిశోధకులు ఎమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ 2019లో లక్షల మంది పిల్లల సమాచారాన్ని పరిశీలించి, పిల్లల మనశ్శాంతిలోని తేడాల్లో డిజిటల్ వాడకం వివరించగలిగేది 0.4 శాతానికి మించదన్నారు. ఈ తగవు తేలేదాకా ఆగనక్కర లేదు, ఎందుకంటే నా వాదం సగటు మీద నిలబడలేదు. సగటు పిల్లవాడికి ఏమీ కాకపోవచ్చు. బెదిరింపు వచ్చిన ఆ ఒక్క బిడ్డకు సగటు పనికిరాదు. అయితే ఈ పరిశోధన మనకు ఒక మేలు చేస్తుంది: ఫోన్ పట్టుకున్న ప్రతి బిడ్డనూ చెడిపోయినట్టు చూడనక్కర లేదని చెబుతుంది. భయం తగ్గితే మన కోపమూ తగ్గుతుంది.

మూడో అభ్యంతరం బరువైనది. పొద్దంతా బీడీలు చేసి, పొలం పనికి పోయి, పిల్లలను ఒంటరిగా సాకే తల్లికి ఇవన్నీ ఎలా వస్తాయి? ఆమెకు సెట్టింగులు రానక్కర లేదు. ‘ఇదేందో నాకు చూపియ్యి బిడ్డా, ఎవరెవరు మాట్లాడతరో చెప్పు’ అని అడగగలిగితే చాలు. నేర్పేది బిడ్డ, నేర్చుకునేది తల్లి. ప్రైవేట్ ఎలా పెట్టాలో, బ్లాక్ ఎలా చేయాలో తల్లికి చూపించడానికి పిల్లవాడు ముందు తానే నేర్చుకుంటాడు. వయసు తెచ్చిన వివేకం తల్లిది, వేళ్ళ నేర్పు బిడ్డది. ఆ రెండూ ఒకచోట కూర్చోవాలి. గల్ఫ్‌లో ఉన్న తండ్రికీ ఇందులో పెద్ద పాత్ర ఉంది. ఏదో జరిగిందని వినగానే అంత దూరాన ఏమీ చేయలేని నిస్సహాయత కోపంగా మారుతుంది, ఆ కోపం తల్లి మీద పడుతుంది. ‘నువ్వు చూసుకోవా’ అన్న మాట వినవలసి వస్తుందని తల్లి కూడా దాచిపెడుతుంది. అప్పుడు ఇంట్లో దాచేవారు ఇద్దరవుతారు. తండ్రి నోట వచ్చే మొదటి మాట ‘చెప్పినందుకు నిన్నేమీ అనను, ఫోన్ గుంజుకోను, ఏం చేద్దామో చూద్దాం’ అనేదై ఉంటే వేల మైళ్ళ దూరం నుంచి కూడా ఆయన బిడ్డను కాపాడినవాడవుతాడు.

చెప్పిన తర్వాత చేయవలసింది కూడా తెలిసి ఉండాలి, లేకపోతే చెప్పమనడంలో అర్థం లేదు. డబ్బు పంపకూడదు, ఒకసారి పంపితే అడగడం ఆగదు. భయంతో మెసేజ్‌లు తుడిచేయకూడదు, స్క్రీన్‌షాట్లు తీసి ఆ ఖాతా పేరు, నంబరు రాసి పెట్టుకుని తర్వాతే బ్లాక్ చేయాలి. డబ్బు పోయి ఉంటే 1930కి, పిల్లల సాయానికి 1098కి ఫోన్ చేయవచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. 18 ఏళ్ళ లోపు వారి నగ్న చిత్రాలు ఆన్‌లైన్‌లో వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అందులో చిత్రాన్ని ఎవరికీ పంపనక్కర లేదు. దాని గుర్తు ఒకటి ఫోన్‌లోనే తయారై, ఆ గుర్తే కంపెనీలకు వెళుతుంది. పోలీసు దగ్గరికి పోతే పరువు పోతుందన్నది మన పెద్ద భయం. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టాన్ని ఈ భయం తెలిసే రాశారు. వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి బయటపెట్టడం నేరం. ఇక లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకుండా దాచే పెద్దలకు అదే చట్టంలో శిక్ష ఉంది, చెప్పని బిడ్డకు మాత్రం లేదు. పెద్దల మౌనానికీ పిల్లల మౌనానికీ మధ్య చట్టం గీసిన ఆ గీతను ఇళ్ళలోనూ బడుల్లోనూ మనమూ గీయాలి.

పెద్దలు తమ వైపు కూడా చూసుకోవాలి. 2024 జూలైలో తండ్రీకూతుళ్ళ వీడియో ఒకదాని మీద ఆన్‌లైన్‌లో కూర్చుని అసభ్యంగా వ్యాఖ్యానించిన ఒక తెలుగు యూట్యూబర్‌ను తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో బెంగళూరులో అరెస్టు చేసింది, పోక్సో సెక్షన్లూ పెట్టింది. ఆ సమయంలోనే నటుడు సాయి ధరమ్ తేజ్ పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టేటప్పుడు ఆలోచించమని తల్లిదండ్రులను వేడుకున్నారు. నేరం వ్యాఖ్యానించినవాడిదే, సందేహం లేదు. అయినా స్నానం చేస్తున్న పసిబిడ్డను స్టేటస్‌గా పెట్టే ఇంట్లో ‘తెలియనివారికి ఫోటోలు పంపకు’ అన్న మాట బిడ్డ చెవికి ఎక్కదు.

బడికి కూడా ఇందులో పని ఉంది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి 2021లో ప్రభుత్వ బడుల పిల్లలను సైబర్ అంబాసిడర్లుగా తయారుచేసే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఇంట్లో చెప్పలేని సంగతి తోటివారికి చెప్పుకునే పిల్లలు చాలామంది. కాబట్టి ఆ తోటివారికి ఏం చేయాలో తెలిసి ఉండడం మంచి ఆలోచన. ప్రతి బడిలో ఏడాది మొదట్లో జరిగే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కంటె ముందు ఈ ఒక్క విషయం మాట్లాడండి. పిల్లల ఎదుటే, చెప్పినందుకు శిక్షించబోమని పెద్దల చేత మాట ఇప్పించండి. పిల్లవాడు చెప్పుకోదగిన టీచరు ఎవరో గోడ మీద పేరు రాయండి.

ఆ మాటను నిలబెట్టుకోవడం ఫోన్‌తో మొదలు కాదు. ఆపద వచ్చిన రోజు ఇచ్చే అభయాన్ని ఏ బిడ్డా నమ్మదు. పరీక్ష తప్పినప్పుడు, డబ్బులు పారేసుకున్నప్పుడు, పక్కింటివాళ్ళు చాడీ చెప్పినప్పుడు నిజం ఒప్పుకున్న బిడ్డతో మనం ఎలా ప్రవర్తించామో దాన్నిబట్టే రేపటి లెక్క వేసుకుంటుంది. కనుక సోషల్ మీడియాలో పిల్లల భద్రతకు పునాది పడేది వాళ్ళ చేతికి ఫోన్ రాక చాలా ముందే, ఫోన్‌తో సంబంధం లేని చిన్న తప్పుల దగ్గర. అక్కడ మనం నమ్మకం సంపాదించుకుంటే చట్టం, కంపెనీ, పోలీసు అందరూ మనకు తోడు వస్తారు. అక్కడ పోగొట్టుకుంటే వాళ్ళెవరికీ కబురే అందదు.